దాగలి కొనే ముందు

ముందే చెప్పేస్తున్నా, ఇది సుత్తి గురించి రాసిన వ్యాసం. చదివాక "వీడు మళ్ళీ సుత్తి కొట్టాడురా" అనే జోకు ఎవరూ వెయ్యక్కర్లేదు, నేనే వేసేసుకున్నా.

'దాగలి' అనే మాట నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా తెలీదు. 'యాన్విల్' మాత్రం తొమ్మిదేళ్ళకే తెలుసు. మైన్‌క్రాఫ్ట్‌లో యాన్విల్ చెయ్యాలంటే మూడు ఇనుప దిమ్మలు, నాలుగు ఇనుప కడ్డీలు కావాలి. ఒక్కో దిమ్మకి తొమ్మిది కడ్డీలు, అంటే మొత్తం 31. ఈ లెక్క నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తా. కానీ మా తాత కమ్మరి అని, ఊళ్ళో మా ఇంటి పెరట్లో వేపచెట్టు కింద నిజమైన యాన్విల్ ఒకటి ఉందని, మా నాయనమ్మ కుంకుడుకాయలు కొట్టేది దాని మీదే అని... ఇవన్నీ చిన్నప్పట్నుంచి కళ్ళముందే ఉన్నా, ఆ రెండూ ఒకటే వస్తువు అని మాత్రం ఫస్టియర్ సెలవుల్లో గానీ నా బుర్రకి ఎక్కలేదు.

నాలాగే తెలియని వాళ్ళ కోసం: కమ్మరి కాల్చిన ఇనుముని దేని మీద పెట్టి కొడతాడో ఆ దిమ్మే దాగలి. నిఘంటువులో దాయి, పట్టెడ అనే మాటలు కూడా కనిపిస్తాయి. మా ఇంట్లో మాత్రం దాగలే.

ఫస్టియర్ రెండో సెమిస్టర్‌లో నాకు కత్తుల పిచ్చి పట్టుకుంది. కత్తులంటే సినిమాల్లో కత్తులు కాదు, వంటింటి కత్తులు. డేటా స్ట్రక్చర్స్ చదవాల్సిన టైంలో, ఎక్కడో అమెరికాలో ఒకాయన తన గరాజ్‌లో లారీ స్ప్రింగు ముక్కని కాల్చి, కొట్టి, అరగదీసి కత్తి చేస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. మనం రోజంతా రాసేది స్క్రీన్ మీద తప్ప ఎక్కడా ఉండదు కదా. చేత్తో పట్టుకుంటే బరువుండే వస్తువొకటి నేను కూడా చెయ్యాలనిపించింది. అంతే, మనం సీఎస్ఈ వాళ్ళం కాబట్టి పని మొదలుపెట్టకుండా ముందు ఎక్సెల్ షీట్ మొదలుపెట్టా. ఏ యాన్విల్ ఎన్ని కిలోలు, కొమ్ము ఉందా లేదా, పైన చతురస్రపు రంధ్రం ఉందా లేదా, ధర ఎంత, డెలివరీ ఎంత. పదిహేను వరుసలు నిండాక డాడీకి ఫోన్ చేసి డబ్బులడిగా.

డాడీ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ సుత్తి వదలడానికి నాకు పదేళ్ళు పట్టింది. నువ్వేమో డబ్బులు పెట్టి కొనుక్కుంటా అంటున్నవ్" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఈ వ్యాసం ఆ ఫోన్ కాల్ గురించే. నేను చెప్పదలుచుకున్నవి రెండు. ఒకటి, ఇంట్లో కత్తులు చేసుకోవాలని సరదా ఉన్నవాళ్ళు మొదటి దాగలిని షాపులో కొనక్కర్లేదు, ఇంకా చెప్పాలంటే కొనకూడదు. రెండు, దాగలి వెతికే ముందు మనిషిని వెతకాలి. మన పక్కనే ఉన్న కమ్మరిని దాటేసి నేరుగా వీడియోల దగ్గరికి వెళ్ళడం మనం చేస్తున్న పెద్ద తప్పు.

మొదటిది ముందు చెప్తా, అది సులువు.

వీడియోల్లో కనిపించే దాగలి ఆకారం మనందరికీ తెలుసు. ఒకవైపు కొమ్ములాగా సన్నబడుతుంది, పైన చదునుగా ఉంటుంది, వెనక రెండు రంధ్రాలుంటాయి. దాన్ని లండన్ ప్యాటర్న్ అంటారు. నా ఎక్సెల్ షీట్‌లో ఉన్నవన్నీ అవే. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఫోన్‌లో ఆ ఫొటో తాతకి చూపించా. తాత కళ్ళద్దాలు సరిచేసుకుని చూసి, "దీనికి గా ముక్కు ఎందుకురా? నువ్వేమన్న గుర్రాలకు లాడాలు కొడ్తవా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, తాత అన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. కొమ్ము ఉండేది ఇనుముని వంచడానికి. లాడాలు, కొక్కేలు, కడియాలు, గొలుసు లంకెలు చేసేవాళ్ళకి అది కావాలి. కత్తికి కావల్సింది ఒక చదునైన గట్టి ముఖం, అంతే. జపాన్‌లో కత్తులు చేసేవాళ్ళు వాడే సంప్రదాయ దాగలి కూడా కొమ్మూ గిమ్మూ లేని ఉత్త దిమ్మే. ప్రపంచంలో అంత పేరున్న కత్తులు కొమ్ము లేని దిమ్మ మీద తయారవుతుంటే, హాస్టల్ రూంలో కూర్చుని నేను కొమ్ము పొడవు పోల్చి చూస్తున్నా!

మరి దాగలిలో చూడాల్సింది ఏంటి? మూడే మూడు.

మొదటిది, సుత్తి దెబ్బ కింద ఎంత బరువుంది అన్నది. మొత్తం బరువు కాదు, దెబ్బ కింద ఉన్న బరువు. మనం కొట్టిన దెబ్బంతా ఇనుము ఆకారం మార్చడానికి వెళ్ళాలంటే కింద ఉన్నది కదలకూడదు. అది కదిలితే మన శక్తిలో కొంత దాన్ని ఊపడానికే పోతుంది. సుత్తికి యాభై రెట్లు బరువు దాగలికి ఉండాలని ఒక అంచనా లెక్క చెప్తారు. కిలో సుత్తికి యాభై కిలోల దాగలి అన్నమాట. అది సూత్రం కాదు, అంచనా మాత్రమే. తాత దాగలిని కిరాణా కొట్టు కాంటా మీద పెడితే 24 కిలోలొచ్చింది. దాని మీదే ఆయన ముప్పై ఏళ్ళకి పైగా ఊరందరికీ కొడవళ్ళు, గొడ్డళ్ళు, నాగటి కర్రులు సాగదీశాడు. ఎలా అంటే, దాని కింద ఒక తుమ్మ మొద్దు ఉంటుంది, ఆ మొద్దు సగానికి పైగా భూమిలోకి పాతి ఉంటుంది. దాగలి అడుగున ఉన్న మొన ఆ మొద్దులోకి దిగి ఉంటుంది. అంటే కింద ఉన్నది 24 కిలోలు కాదు, మొద్దు, దాని చుట్టూ దిమ్మిస కొట్టిన నేల, అన్నీ కలిసి దెబ్బని ఆపుతాయి. నా షీట్‌లో 'మొద్దు' అనే కాలమే లేదు.

రెండోది, ముఖం గట్టితనం. మెత్తటి ఇనుప దిమ్మ మీద కొడితే దిమ్మే సొట్టపోతుంది, ఆ సొట్టలన్నీ మన కత్తి మీద అచ్చు పడతాయి. దీన్ని కనిపెట్టడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. సైకిల్ షాపులోనో, మెకానిక్ దగ్గరో ఒక బేరింగ్ గోళీ తీసుకోండి. దాగలి మీదకి జానెడు పైనుంచి వదలండి. ఎంత పైకి ఎగిరితే అంత మంచిది. నేను ఒక షాపులో కొత్త దాగలి మీద 25 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదిలితే, గోళీ 8 సెంటీమీటర్లు కూడా లేవలేదు. నీలం రంగు వేసి భలే నిగనిగలాడుతోంది అది. పోత ఇనుముతో పోసిన బొమ్మ. కొడితే ఖంగుమనదు, దబ్బుమంటుంది, గట్టి దెబ్బకి అంచు పెచ్చులూడుతుంది కూడా. అదే గోళీ మా తాత దాగలి మీద, నడుమ కాస్త గుంట పడిపోయి, అంచులు అరిగిపోయిన ఆ ముసలి దాగలి మీద, 18 దాకా ఎగిరింది. ఆకురాయితో గీకి చూడడం ఇంకో పద్ధతి. గట్టి ముఖం మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తటి దాని మీద కొరుకుతుంది.

మూడోది, ఎత్తు. నిలబడి కొట్టేవాళ్ళకి, చేతులు కిందికి వదిలి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఎత్తుకి దాగలి ముఖం రావాలి. అంతకంటే కిందుంటే నడుం పోతుంది, పైనుంటే భుజం పోతుంది. తాతలాంటి వాళ్ళు కూర్చుని కొడతారు, అందుకే వాళ్ళ దాగలి నేలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది. ఎవరి దాగలి వాళ్ళ ఒంటికి సరిపోవాలి. ఆన్‌లైన్‌లో ఎన్ని స్టార్లున్నా దాన్ని మీ పిడికిలే తేల్చాలి.

ఈ మూడూ తెలిశాక పాత ఇనుము సామాన్ల కొట్టులోకి వెళ్తే చూసే చూపే మారిపోతుంది. పాత యంత్రాల మందపాటి షాఫ్టు ముక్క, పెద్ద ఉక్కు దిమ్మ, ఏదైనా దాగలే. రైలు పట్టా ముక్క దొరికితే అందరూ దాన్ని పడుకోబెట్టి వాడతారు. అలా వాడితే నడుమ ఉండే సన్నటి భాగం దెబ్బని తట్టుకోలేక ఊగుతుంది. దాన్నే నిలువుగా పాతితే కథ మారిపోతుంది. మన మెయిన్ లైన్లలో వాడే పట్టా మీటరుకి 60 కిలోలు. అంటే మీటరు ముక్కని నిలబెడితే దెబ్బ కింద నేరుగా 60 కిలోల నిలువు స్తంభం. ముఖం చిన్నదే, కానీ సుత్తి ముఖం దానికంటే చిన్నది కదా. మనం ఒక దెబ్బలో అంతకంటే ఎక్కువ చోటు ఎప్పుడూ కొట్టం.

ఒక్క మాట. రైలు పట్టా రైల్వే ఆస్తి. లెక్కాపత్రం లేకుండా దాన్ని దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం. బిల్లు లేకుండా "తమ్ముడూ, నీకోసం తీసి పెట్టా" అని ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. హాబీ కోసం పోలీస్ స్టేషన్ మెట్లెక్కడం ప్లేస్‌మెంట్స్‌కి మంచిది కాదు. అలాగే మీరు చేసేది వంటింటి కత్తే అయ్యుండాలి. వంటకో, పొలానికో, పరిశ్రమకో కాకుండా 9 అంగుళాల పొడవు గానీ, 2 అంగుళాల వెడల్పు గానీ దాటిన కత్తి ఆయుధాల రూల్స్ కిందికి వస్తుంది. ఇక హాస్టల్లో ఈ ప్రయోగం వద్దని వేరే చెప్పాలా?

సరే, దాగలి అయింది. ఇప్పుడు రెండో మాట, మనిషి.

సెలవుల్లో తాతని బతిమాలి పెరట్లో కొలిమి పెట్టించా. తోలు తిత్తి ఎప్పుడో చీకిపోయింది, దాని బదులు చెల్లి హెయిర్ డ్రయర్ వాడాం (చెల్లికి ఇప్పటికీ కోపం తగ్గలేదు). బొగ్గులు, పాత లారీ కమాన్ పట్టీ ముక్క, తాత సుత్తి, తాత పటకారు. వీడియోలు చూసి చూసి నాకంతా తెలుసనే ధీమా. అయస్కాంతం పరీక్ష కూడా తెలుసు. ఇనుము దాదాపు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. కాబట్టి థర్మామీటర్ లేకపోయినా, కత్తి అయస్కాంతానికి అంటుకోని వేడికి వచ్చాక ఇంకొంచెం కాల్చి ముంచితే గట్టిపడుతుంది. థియరీలో ఫుల్ మార్కులు.

మూడు రోజులు కొట్టి ఒక ఆకారం తెచ్చా. నాలుగో రోజు కాల్చి, బకెట్ నీళ్ళలో నిలువునా ముంచేశా. "టింగ్" అని చిన్న చప్పుడు. బయటికి తీస్తే అంచునుంచి వెన్ను దాకా వెంట్రుకంత పగులు. మూడు రోజుల పని. ఇక్కడ కంట్రోల్ జెడ్ లేదు.

"తాతా, నువ్వు కొడవలిని నీళ్ళల్లోనే కదా ముంచేది?" అని ఏడుపు మొహంతో అడిగా. "మొత్తం ఎవడు ముంచుమన్నడు బిడ్డా? పండ్ల దిక్కు రవ్వంత తాకిస్త, తీస్త. ఎన్ను మెత్తగనే ఉండాలె" అన్నాడు. తర్వాత చదివితే అర్థమైంది. కమాన్ పట్టీ లాంటి ఉక్కు నూనెలో చల్లార్చడానికి సరిపోయేది. నీళ్ళు చాలా వేగంగా వేడిని లాగేస్తాయి, సన్నటి కత్తి మొత్తాన్ని ఒకేసారి నీళ్ళలో ముంచితే లోపలి ఒత్తిడికి పగిలిపోతుంది. తాత అంచుని మాత్రమే తాకిస్తాడు కాబట్టి, నీళ్ళతోనే ఏ నష్టం లేకుండా నడిపించాడు. ఒకే బకెట్, ఒకే నీళ్ళు. ఎంత లోతు ముంచాలన్నదే తేడా. ఆ లోతు నేను చూసిన ఏ వీడియోలోనూ చెప్పలేదు, ఎందుకంటే ఆ వీడియోలన్నీ వేరే పద్ధతివి.

రెండో కత్తిని గోరువెచ్చటి నూనెలో చల్లార్చా. అలా చల్లార్చిన కత్తి గాజులాగా గట్టిగా, గాజులాగే పెళుసుగా ఉంటుంది. మళ్ళీ 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చాలి. ఇంగ్లీషులో అప్పుడు కత్తి మీద వచ్చే రంగుని 'స్ట్రా' అంటారు. నేను ఆ మాట చెప్పబోయి తెలుగులో ఏమనాలో తెలీక ఆగిపోయా. మా అత్తయ్య కేకులు చేసే ఓవెన్‌లోంచి కత్తి తీసి చూపిస్తే తాత, "ఆఁ, జొన్న సొప్ప రంగు వచ్చింది, సాలు" అన్నాడు. ఎక్కడి పల్లెటూరి కమ్మరి, ఎక్కడి ఇంగ్లీషు పుస్తకం! ఇద్దరూ గడ్డినే చూశారు.

ఇంకో మాట కూడా ఆరోజే పట్టుకున్నా. 'పదును'. కత్తికి పదును అంటాం. వాన పడ్డాక దుక్కికి సరిపోయేంత తడి ఉంటే నేలకి కూడా పదును అంటారు. మరీ బురద కాదు, మరీ పొడి కాదు. ఉక్కు విషయంలో కూడా అదే. మరీ గట్టిదైతే పగులుతుంది, మరీ మెత్తనిదైతే వంగుతుంది, రెంటికీ మధ్యలో సరైన చోట ఆగడం. మెటీరియల్ సైన్స్‌లో గట్టితనం, దృఢత్వం అని రెండు లెక్చర్లు చెప్పిన సంగతి ఒక్క మాటలో ఇమిడిపోయి ఉంది. ఇంగ్లీషు మీడియంలో పన్నెండేళ్ళు చదివిన నాకు ఆ మాట ఇన్నాళ్ళూ 'షార్ప్' అని మాత్రమే తెలుసు.

ఇదంతా చదివి "అబ్బో, మన పూర్వీకులు" అని వాట్సాప్ స్టేటస్ పెట్టడానికి కొందరు రెడీ అవుతారని తెలుసు. పెట్టండి, కారణం లేకపోలేదు. వూట్జ్ అని ప్రపంచమంతా పిలిచే ఉక్కు పేరు మన 'ఉక్కు' లోంచో, కన్నడ 'ఉక్కు' లోంచో పుట్టిందని చెప్తారు. మా నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊళ్ళో మట్టి మూసల్లో ఈ ఉక్కు తీసేవాళ్ళు. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవాళ్ళు. హెన్రీ వాయిసీ అనే ఆయన అక్కడ చూసి రాసిన వివరణ 1832లో ఏషియాటిక్ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది. లండన్‌లో జార్జ్ పియర్సన్ 1795లోనే వూట్జ్ మీద పేపర్ రాశాడు. ఆ తర్వాత పాతికేళ్ళకి దాని గుట్టు విప్పడానికి కూర్చున్నవాళ్ళలో ఒకడు మైకేల్ ఫారడే. అవును, మన ఈఈఈ వాళ్ళ సిలబస్ ఫారడేనే. ఆయన నాన్న కూడా కమ్మరే.

ఒక చిన్న హెచ్చరిక. ఇప్పుడు ఆన్‌లైన్‌లో 'డమాస్కస్' అని అలల డిజైన్‌తో అమ్మేవి ఎక్కువగా రెండు రకాల ఉక్కు రేకులు పొరలుపొరలుగా అతికించి కొట్టినవి. మూసలో కరిగించి తీసిన ఉక్కులో చారలు లోపలినుంచే వస్తాయి. రెండూ అందంగానే ఉంటాయి, కానీ రెండూ ఒకటి కాదు.

గర్వం సంగతి అలా ఉంచితే, నాకు అనిపించేది వేరే. కోనసముద్రం పేరు చెప్పి ఛాతీ విప్పుకునే మనం, మన ఊరి కమ్మరి దగ్గర కొడవలి పదును పెట్టించుకుని ఇరవై రూపాయలకి బేరం ఆడతాం. అదే 'హ్యాండ్ ఫోర్జ్‌డ్' అని ఇంగ్లీషులో రాసి, చెక్క పెట్టెలో పెట్టి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే వేలు పోసి కొంటాం. సుత్తి అదే, కమాన్ పట్టీ అదే, మారింది పెట్టె మాత్రమే. తాత కొట్టిన ప్రతి కొడవలీ కస్టమే. ఎడమచేతి వాళ్ళకి పండ్లు అవతలి వైపు కోసేవాడు. గడ్డపార అడిగితే ముందు "ఎవరు పట్టుకుంటరు?" అని అడిగేవాడు. దానికి కస్టమ్ అని పేరుందని ఆయనకి తెలీదు, అంతే. కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు అని మనకో సామెత ఉంది. నేను మా తాతకి యాన్విల్ ఫొటో చూపించింది అచ్చం అదే.

ఇప్పుడు డాడీ మాట దగ్గరికి వస్తా. ఎందుకంటే ఆయనతో వాదించడానికే ఈ వ్యాసం మొదలుపెట్టా, రాస్తూ రాస్తూ సగం ఆయన వైపుకి వెళ్ళిపోయా.

డాడీ పదో తరగతి దాకా బడి నుంచి రాగానే సమ్మెట పట్టుకునేవాడు. తాత కూర్చుని చిన్న సుత్తితో చోటు చూపిస్తే, డాడీ నిలబడి సమ్మెటతో కొట్టాలి. సరదాకి కాదు, ఆరోజు కొట్టకపోతే ఆరోజు గింజలు లేవు. ట్రాక్టర్లొచ్చాక నాగళ్ళు తగ్గాయి, నాగళ్ళు తగ్గాక కర్రుల పని పోయింది, ఫ్యాక్టరీ కొడవళ్ళు సంతకొచ్చాక మిగిలింది కూడా పోయింది. డాడీ ఐటీఐ చేసి, ఫిట్టర్‌గా చేరి, ఎన్నో ఏళ్ళకి మమ్మల్ని ఇంగ్లీషు మీడియంలో వేశాడు. తాతకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. టీవీ సౌండు వీధి చివరిదాకా వినిపిస్తుంది. కుడి భుజం పైకి లేవదు. ఇది ముప్పై ఏళ్ళ దాగలి చప్పుడుకి కట్టిన ధర. నేను మాత్రం ఇయర్ ప్లగ్గులు పెట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, అలసిపోతే ఏసీలోకి వెళ్ళిపోతా. నాకు అది హాబీ, ఎందుకంటే నేను ఎప్పుడైనా మానెయ్యొచ్చు. వాళ్ళకి అది కులం, పుట్టుకతోనే చేతిలో పెట్టారు.

కాబట్టి "ఈ కళ చచ్చిపోతోంది, యువత ముందుకు రావాలి" అనే మాట నేను అనను. కమ్మరి కొడుకు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తే అది నష్టం కాదు, డాడీ దృష్టిలో గెలుపు. నా దృష్టిలో కూడా. మా క్లాసులోనే నాలాంటి ఇళ్ళనుంచి వచ్చి, "మీ నాన్న ఏం చేస్తారు" అంటే "బిజినెస్" అని చెప్పేవాళ్ళు ఉన్నారు. నేనూ చెప్పా ఒకప్పుడు. వాళ్ళని వెనక్కి వెళ్ళి సుత్తి పట్టమనే హక్కు ఎవరికీ లేదు.

మరి మిగతా సగం ఏంటంటే, పని వదిలెయ్యడం వేరు, ఆ పనిలో ఉన్న తెలివిని కూడా పారెయ్యడం వేరు. డాడీ బరువు దించుకోవడం న్యాయం. కానీ ఆ బరువుతో పాటు జొన్న చొప్ప రంగు, రవ్వంత తాకించే లోతు, ఎవరు పట్టుకుంటారని అడగడం, ఇవన్నీ కూడా కింద పడిపోయాయి. వాటిని ఎవరో ఒకరు ఏరుకోవాలి. ఆ ఎవరో కమ్మరి కొడుకే అవ్వక్కర్లేదు. నిజానికి ఎవరైనా ఏరుకోగలిగినప్పుడే అది కులం కాకుండా విద్య అవుతుంది.

"షాపులో వంద రూపాయలకి స్టెయిన్‌లెస్ కత్తి దొరుకుతుంటే ఇంత అవసరమా?" అని మా రూమ్మేట్ అడిగాడు. మంచి ప్రశ్నే. ఫ్యాక్టరీ కత్తి తుప్పు పట్టదు, చవక, ఏ రెండూ తేడాగా ఉండవు. చాలామందికి అదే సరిపోతుంది. కానీ మా నాయనమ్మ జీవితమంతా కత్తిపీట ముందు కూర్చుని కూరగాయలు తరిగింది. మోకాళ్ళు అరిగాక కింద కూర్చోలేకపోతోంది. నిలబడి చాకుతో తరగాలంటే వేళ్ళ కీళ్ళ నొప్పికి సన్నటి ప్లాస్టిక్ పిడి పట్టు దొరకట్లేదు. నా రెండో కత్తికి నేను పిడి లావుగా, చివర కొంచెం కిందికి వంచి పెట్టా. వేపచెక్క పిడి, మూడుసార్లు తీసి మళ్ళీ పెట్టా. అందంగా లేదు. సుత్తి దెబ్బల మచ్చలు కనిపిస్తూనే ఉన్నాయి. వాడి కడిగాక తుడవకపోతే తుప్పు పడుతుంది. కానీ ఆమె ఇప్పుడు బెండకాయలు దానితోనే తరుగుతోంది. కస్టమ్ అంటే పేరు చెక్కించుకోవడం కాదు, ఒక్క చేతికి సరిపోవడం అని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ కత్తి కొడుతున్నప్పుడే ఒక సాయంత్రం డాడీ అన్నానికి పిలవడానికి పెరట్లోకి వచ్చాడు. కాసేపు గోడకి ఆనుకుని చూశాడు. "వేడి పోయింది, కొట్టకు. లోపల పెట్టు" అన్నాడు. పెట్టా. మళ్ళీ తీశాక సుత్తి ఇటివ్వమని చెయ్యి చాచాడు. ఆరు దెబ్బలు. నాకు అరగంట పట్టే చోటు ఆరు దెబ్బల్లో సాపైపోయింది. "సుత్తిని లేపుడే నీ పని. దిగుడు దాని పని" అన్నాడు. తాత ఎప్పుడో అన్న మాటే అని తర్వాత తెలిసింది. సుత్తి దాగలి మీద పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మేం దాని గురించి మాట్లాడుకోలేదు. నేను ఆ ఎక్సెల్ షీట్ డిలీట్ చేశా.

చివరిగా, నాలాగా ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి నాలుగు ముక్కలు. కళ్ళద్దాలు, ఇయర్ ప్లగ్గులు లేకుండా మొదటి దెబ్బ కూడా వెయ్యొద్దు. నూలు బట్టలే వేసుకోండి, పాలిస్టర్ నిప్పురవ్వకి ఒంటికి అంటుకుపోతుంది. జింకు పూత ఉన్న పైపులు, రేకులు కొలిమిలో పెట్టొద్దు, ఆ పొగ విషం. డబ్బులుంటే దాగలి మీద కాదు, మంచి ఉక్కు మీద, బొగ్గుల మీద పెట్టండి.

ఈ పిచ్చి లేనివాళ్ళకి ఒక్కటే పని. ఈ సెమిస్టర్ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు, మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో కొలిమి ఇంకా ఎక్కడ మండుతోందో కనుక్కోండి. ఇంట్లో మొద్దుబారిన కత్తి ఒకటి తీసుకెళ్ళండి. పదును పెట్టించుకోండి. అడిగినంత ఇవ్వండి, బేరం ఆడొద్దు. ఆయన కొడుతున్న దిమ్మని మీ వైపు ఏమంటారో అడిగి, ఆ మాట మన క్లబ్‌కి రాసి పంపండి. మా దగ్గర దాగలి. మీ దగ్గర?